బొక్కల లింగమూర్తి పాఠం

గోదావరిఖనిలో లింగమూర్తి ఇల్లెక్కడ అని అడిగితే ఏ లింగమూర్తి అని ఎదురడుగుతారు. బొక్కల లింగమూర్తి అని అడగండి, చాయ్ హోటల్లో గ్లాసులు కడిగే మనిషి కూడా చెయ్యెత్తి దారి చూపిస్తాడు. బొక్క అంటే ఆ దిక్కున ఎముక. బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో ఎముకల డాక్టరు గదిని ఆనుకుని, కాళ్లూ చేతులూ విరిగినవాళ్లకు సిమెంటు పట్టీలు వేసే గది ఒకటుంది. ఇరవై మూడేళ్లుగా ఆ గదికి అతనే రాజు, అతనే మంత్రి, నేల మీద పడ్డ పిండి తుడిచేదీ అతనే.

మొదట్లో అతనూ బాయి పనివాడే. బొగ్గుగనిని అక్కడందరూ బాయి అనే అంటారు. జైపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చి, మీసం సరిగా మొలవకముందే తట్టా, చెమ్మస్ అనే పారా పట్టాడు. ఐదేళ్లు బొగ్గెత్తాడు. ఒకరోజు పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల మధ్య గొలుసు తగిలిస్తుంటే వెనక టబ్బు కదిలింది. ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు అక్కడే పోయాయి. మిగిలిన ఎనిమిది వేళ్లతో బాయి పని కుదరదని అతన్ని దవాఖాన పనిలో వేశారు.

అప్పటి ఎముకల డాక్టరు ఒక చాదస్తపు ముసలాయన. నడుము నొప్పని ఎవరొచ్చినా బల్ల మీద పడుకోబెట్టి, ఏ నరం ఎటు పోతుందో కాలి మీద ఊదా మందుతో గీతలు గీసి చూసేవాడు. ఆ గీతల్ని స్పిరిటు దూదితో తుడవడం లింగమూర్తి పని. వేల కాళ్లు తుడిచాడు. తుడిచి తుడిచి, ఆయన మందులో పుల్ల ముంచకముందే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పేంతవాడయ్యాడు. ఏడో తరగతి తప్పినవాడికి అదేమన్నా చిన్న చదువా!

ఆ చదువును అతను తన భాషలోకి దింపుకున్నాడు. పట్టీ వేయించుకోవడానికి వచ్చినవాళ్లకు నొప్పి మరిపించడానికి చెప్పేవాడు. "నడుము కాడ ఎన్నుపూసల నడుమకెల్లి నరాలు బస్సుల లెక్క బైలెల్తయ్. నాలుగో నంబరు బస్సు మోకాలు దాటి పిక్క లోపలి దిక్కు దిగుతది. ఐదో నంబరు పిక్క బయటి దిక్కుకెల్లి పాదం మీదికచ్చి బొటనేలు కాడ ఆగుతది. దాని కిందిది మడిమెకు, చిటికెనేలుకు పోతది. బసంత్‌నగర్ బస్సెక్కినోడు శ్రీరాంపూర్ల దిగుతడా? దిగడు. నరం గూడ గంతే." విన్నవాళ్లు తమ కాళ్లను తామే కొత్తగా చూసుకునేవాళ్లు.

ఈ విద్య పట్టీల గదిలోనే ఆగిపోయి ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు. ఆగలేదు. కంపెనీలో ఒక పద్ధతుంది. దెబ్బతోనో రోగంతోనో ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు తేల్చిన కార్మికుడి స్థానంలో అతని కొడుకును పనిలోకి తీసుకుంటారు. దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. వేరే ఊళ్లలో మనిషి పనికిరాకుండా పోతే ఇల్లంతా ఏడుస్తుంది. ఇక్కడ పనికిరాకుండా పోవాలని కొండగట్టు దాకా పోయి మొక్కి వస్తారు. ఏం చేస్తారు మరి, పెళ్లీడు కొడుకు పనీపాటా లేక రోడ్డు మీద తిరుగుతుంటే! నిజంగా నడుము పోయినవాడూ ఆ బోర్డు ముందే నిలబడాలి, నొప్పి నటించేవాడూ అక్కడే నిలబడాలి. ఇద్దరికీ ఒకటే బల్ల, స్పర్శ ఉందో లేదో గుచ్చి చూసే ఒకటే సూది.

ఆ సూది ముందు ఎట్లా ఉండాలో నేర్చుకోవడానికి జనం లింగమూర్తి క్వార్టరుకు రావడం మొదలైంది. అతను పైసా ముట్టలేదు, ఆ మాట చెప్పుకోవాలి. అతనికి కావలసింది పైసలు కాదు. పెద్ద డాక్టర్లు కూడా తన శిష్యుల్ని పట్టుకోలేకపోతున్నారన్న ముచ్చట నలుగురూ చెప్పుకోవడం, అదీ అతనికి కావలసింది.

పాఠం అంతా బాయిలో కూలీల మీద ఉండే ఆగయ్య అనే ఒక సర్దార్ చేసిన తెలివితక్కువ పని మీద నడిచేది. ఆగయ్య ఎవరినీ అడక్కుండా బోర్డుకు పోయి, తుంటి నుంచి గోరు దాకా కాలంతా మొద్దుబారిందని చెప్పాడట. డాక్టరు అతన్ని కళ్లు మూసుకోమని, "సూది తగిలితే ఉన్నదను, తగలకపోతే లేదను" అన్నాడు. ఆగయ్య సూది గుచ్చినప్పుడల్లా ఠక్కున "లేదు" అన్నాడు. గుచ్చినట్టే తెలియకపోతే లేదని ఎట్లా అంటున్నావయ్యా అని డాక్టరు పడీపడీ నవ్వి ఫిట్ రాసి పంపించాడు. ఈ కథ చెప్పి, అందరూ నవ్వాక లింగమూర్తి వేలెత్తేవాడు. "ఒక్క నరమే చెప్పు. అడిగినంతే చెప్పు. ఎక్కువ చెప్పినోడు దొరికిపోతడు." ఆ మాట ఆ కాలనీలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు.

అట్లా పాఠం నేర్చుకుని అన్‌ఫిట్ అయినవాళ్లలో గట్టయ్య ఒకడు. నెల తిరక్కముందే తమ్ముడి కూతురి పెళ్లిలో డప్పుల ముందు రెండు కాళ్ల మీదా ఎగిరాడు. చూసినవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. లింగమూర్తి మాత్రం గురువుగారిలా చిరునవ్వు నవ్వాడు.

ఇక సదయ్య. లింగమూర్తి ఒక్కగానొక్క చెల్లెలు సారవ్వ భర్త. నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై ఆరేళ్లు బొగ్గు నింపాడు. పట్టా తప్పిన టబ్బును భుజం పెట్టి లేపుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. ఆనాటి నుంచి ఎడమ కాలిలోకి మంట దిగేది. కొడుకు అంజి బసంత్‌నగర్ సిమెంటు లారీల మీద క్లీనరుగా తిరుగుతున్నాడు. ఆ పిల్లవాడిని లారీ మీంచి దించి ఒక నౌకరిలో కూర్చోబెట్టాలన్నది సదయ్యకున్న ఒక్కగానొక్క కోరిక. తన నడుమే దానికి దారి అనుకున్నాడు. బోర్డుకు అర్జీ పెట్టుకున్నాడు. రెండువేల ఏడులో, సద్దుల బతుకమ్మ వెళ్లిన పదిహేను రోజులకు తేదీ వచ్చింది. పైగా ఊరంతా ఒకటే పుకారు, ఇదే ఆఖరు బోర్డు, ఇకమీదట అన్‌ఫిట్లు బంద్ అని.

లింగమూర్తి అతన్ని మంచం మీద పడుకోబెట్టి చూశాడు. మోకాలు వంచకుండా కాలు పైకి లేపాడు. జానెడు లేచిందో లేదో సదయ్య పళ్లు కొరికాడు. బొటనవేలు పైకి ఎత్తమన్నాడు. ఎత్తలేకపోయాడు. పాదం మీద, పిక్క బయటి వైపు దూది పెట్టి రాస్తే తెలియలేదు, చిటికెనవేలు దగ్గర తెలిసింది. అచ్చంగా ఐదో నంబరు! అన్నేళ్లుగా దొంగ నొప్పులు దిద్దిపెట్టిన మనిషికి అసలైనది కంటపడేసరికి, సిగ్గు లేకుండా, సంతోషమేసింది.

"సదయ్యా, నీకు పాఠమే అక్కెర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు," అన్నాడు.

ఆ మాట మీద ఆగిపోతే ఎంత బాగుండును! చెల్లెలి ముందు పెద్దరికం ఊరుకోనిస్తుందా? వెళ్తూ వెళ్తూ గడపలో నిలబడి వేలెత్తనే ఎత్తాడు. "మల్ల యాదుంచుకో. ఒక్క నరమే. అడిగినంతే."

బోర్డు గురువారం. మంగళవారం పొద్దున సదయ్య గోడ పట్టుకుంటూ దవాఖానకు వచ్చాడు. గదిలో లింగమూర్తి ఒక్కడే ఉన్నాడు, బకెట్‌లో పట్టీలు నానబెడుతున్నాడు. సదయ్య తలుపు దగ్గరగా వేసి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"బావా, నిన్న పొద్దూకినప్పటి సంది ఒంటికి సరిగ్గ వస్తలేదు. పోవాలనే అనిపిస్తలేదు. పోతే చుక్కలు చుక్కలు. గా కూసునే కాడ గూడ సోయి తెలుస్తలేదు. ముడ్డి కింద మెత్త పెట్టుకోని కూసున్నట్టున్నది. కుడికాలు గూడ గుంజుతున్నది."

లింగమూర్తి చేతులు నీళ్లలోనే ఉన్నాయి. మనసులో ఏం జరిగిందో తర్వాత ఏళ్ల తరబడి అతనే తవ్వి తవ్వి చూసుకున్నాడు కాబట్టి చెప్పవచ్చు. మొదట ఆగయ్య గుర్తొచ్చాడు. ఇంత చెబితే ఆగయ్యలాగే అవుతుంది, రెండు కాళ్లట, ముడ్డట, మూత్రమట, బోర్డు నవ్విపోతుంది అనుకున్నాడు. తర్వాత తన బస్సుల లెక్క చూసుకున్నాడు. ఐదో నంబరు అటు పోనే పోదు. బోర్డు దగ్గర పడుతోందని భయంతో మనిషికి లేనిపోనివి తోస్తున్నాయి అనుకున్నాడు. పక్క గదిలోనే ఎముకల డాక్టరు విష్ణువర్ధన్ ఉన్నాడు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఈ బోర్డు పాఠాల సంగతి బయటపడుతుంది, లేదా సదయ్యను అక్కడే మంచం మీద పడేస్తారు, గురువారం తప్పిపోతుంది, ఆఖరు బోర్డు పోతుంది. అందుకని అడగలేదు.

"గోలీలు మస్తు మింగినవు, వేడి చేసింది. బార్లీ నీళ్లు తాగు, తగ్గుతది," అన్నాడు. "బోర్డుల మాత్రం ఈ ముచ్చట ఎత్తకు. బొటనేలుకు పోయే నరం కూసునే కాడికెందుకు పోతదని అడిగితే ఏమంటవు? మొత్తం కేసు కరాబైతది. అయినంక డాక్టరు సారుకు సూపిద్దాం."

"గంతేనంటవా?"

"గంతే. ఫికర్ చెయ్యకు."

సదయ్య తల ఊపి, వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

బుధవారం ఇద్దరూ రామగుండంలో రైలెక్కి బోర్డు కూర్చునే ఊరికి పోయారు. గురువారం మధ్యాహ్నం సదయ్య పేరు పిలిచారు. లింగమూర్తి తలుపు బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపుకు తెర మాత్రమే ఉంది, లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. కాలు ఎత్తించారు. సుత్తితో మోకాలి మీద, మడమ మీద కొట్టారు. సూది గుచ్చారు. సదయ్య ఎక్కడా తడబడలేదు, ఉన్నచోట ఉందన్నాడు, లేనిచోట ఊరుకున్నాడు. బయట లింగమూర్తి మనసులోనే శెభాష్ అనుకున్నాడు. ఇంతలో లోపలి డాక్టరు చాలా మామూలు గొంతుతో, రోజూ అందరినీ అడిగే గొంతుతో అడిగాడు.

"మూత్రం, విరేచనం బాగానే అవుతున్నాయా?"

కాసేపు ఏమీ వినబడలేదు. ఆ కాసేపట్లో లేచి తెర పక్కకు తీసే వీలుంది. లింగమూర్తి లేవలేదు.

"మంచిగనే అయితున్నయ్ సార్," అన్నాడు సదయ్య.

"కూర్చునే చోట స్పర్శ?"

"మంచిగనే ఉన్నది సార్."

బోర్డు అన్‌ఫిట్ రాయలేదు. ఫిట్టూ రాయలేదు. ఐదో నరం దెబ్బతిన్నట్టుంది, తొందరేమీ కనిపించడం లేదు, స్కానింగ్ తీయించుకుని మూడు నెలలకు రమ్మని, అప్పటిదాకా తేలిక పని ఇవ్వమని రాసి పంపారు. ఆఖరు బోర్డు అన్న పుకారుకు తలా తోకా లేదని అక్కడి గుమాస్తాను అడిగితే తెలిసింది.

శుక్రవారం పొద్దున్నే తిరుగు రైలెక్కారు. సదయ్య కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తున్నాడు. ఎదుట ఒక ముసలమ్మ బియ్యం సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆమె గబుక్కున సంచి పక్కకు లాక్కుంది.

"ఓ బిడ్డా, నీ నీళ్ల సీస కారుతున్నట్టున్నది, సూసుకో."

సదయ్య దగ్గర నీళ్ల సీసా లేదు. కిందికి చూసుకున్నాడు. పంట్లాం తడిసి, బల్ల తడిసి, ధార కట్టి నేల మీదికి పోతోంది. చేత్తో ముట్టుకుని చూశాడు. అప్పటికి గానీ అది తనదని అతనికి తెలియలేదు. యాభై ఏళ్ల మనిషి, పెట్టె నిండా జనం, పట్టపగలు. ముఖం నల్లబడిపోయింది.

"బావా, నాకు తెల్వనే తెల్వది," అన్నాడు చిన్నగా.

లింగమూర్తి తన భుజం మీది తువాల తీసి అతని ఒళ్లో కప్పాడు. ముసలమ్మ సంచి తీసుకుని అవతలికి జరిగిపోయింది. ఇంకా రెండు గంటల ప్రయాణం ఉంది.

స్టేషన్‌లో ఆటో ఎక్కించి నేరుగా దవాఖానకే తీసుకుపోయాడు. డాక్టరు విష్ణువర్ధన్ గుంటూరు దిక్కు మనిషి, వయసు చిన్నది, మాట నెమ్మది. సదయ్య పొత్తికడుపు మీద చెయ్యి వేసీ వేయగానే ఆ నెమ్మది పోయింది. కుండలాగా ఉబ్బి ఉంది. ట్యూబు వేస్తే లీటరున్నర వచ్చింది. అంత నిండినా నొప్పి లేదంటే అది మంచిది కాదన్నాడు డాక్టరు. పక్కకు తిప్పి సూదితో చూశాడు. గుర్రం మీద కూర్చుంటే జీను తగిలే మేర అంతా, పిర్రలూ తొడల లోపలి వైపూ, చచ్చుపడి ఉంది. రెండు పాదాలూ పైకి లేవడం లేదు.

"ఎప్పట్నుంచి ఇట్లా ఉంది? సరిగా గుర్తుచేసుకుని చెప్పండి."

సదయ్య ఒక్కసారి లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి చేతిలో ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిన్న, బోర్డు అయినంక సార్."

లింగమూర్తికి నోరు పెగల్లేదు. పెగల్లేదని రాయడం కూడా అతని మీద దయ చూపించడమే. పెగలనివ్వలేదు అన్నది నిజం.

ఆ సాయంత్రమే అంబులెన్సులో హైదరాబాదుకు పంపారు. స్కానింగ్ తీశారు, వెంటనే ఆపరేషన్ చేశారు, వెన్నుపూసల మధ్య నుంచి జారిన బిళ్లను తీసేశారు. నెల రోజులు చూశారు. కుడికాలు కొంచెం వచ్చింది. ఎడమ పాదం రాలేదు. కూర్చునే చోట స్పర్శ రాలేదు. మూత్రం తనంతట తాను ఇక రాదని చెప్పి, ట్యూబుతో, సంచితో ఇంటికి పంపించారు.

ఒకరోజు డాక్టరు తీరికగా ఉన్నప్పుడు లింగమూర్తి వెళ్లి నిలబడ్డాడు. ఆ గదిలో బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి ఉంటుంది. రోజూ దాని దుమ్ము తుడిచేది అతనే.

"సార్, బొటనేలుకు పోయే నరం నలిగితే కూసునే కాడ సోయి ఎట్ల పోతది?"

విష్ణువర్ధన్ ఆ బొమ్మను దగ్గరకు లాక్కున్నాడు. "వెన్నుపాము నడుముకు పైనే అయిపోతుంది లింగమూర్తీ. అక్కడి నుంచి నరాలన్నీ ఒక కట్టగా కిందికి వేలాడుతుంటాయి, గుర్రం తోకలాగా. కాళ్లకు పోయేవి, మూత్రసంచికి పోయేవి, కూర్చునే చోటికి పోయేవి, అన్నీ ఆ కట్టలోనే ఉంటాయి. బిళ్ల పక్కకు జారితే బయటికి పోయే ఒక్క నరాన్ని నొక్కుతుంది. అది మనం రోజూ చూసేది. నడిమధ్యకు జారిందనుకో, కట్ట కట్టంతా నలిగిపోతుంది. మీ సదయ్యకు మొదట పక్కకే ఉన్నది, తర్వాత మధ్యకు వచ్చేసింది."

"బస్టాండు," అన్నాడు లింగమూర్తి.

"ఏంటి?"

"ఏం లేదు సార్." ఇన్నేళ్లూ అతను రోడ్లు మాత్రమే నేర్చుకున్నాడు. బస్సులన్నీ బయల్దేరకముందు ఒక్కచోటే నిలబడి ఉంటాయని, ఆ కప్పు కూలితే ఏ ఊరికీ బస్సు పోదని ముసలి డాక్టరు గీతల్లో లేదు. కాలి మీద గీసే గీతల్లో అది ఎక్కడ కనిపిస్తుంది? "ఎంత టైముంటది సార్, గట్లయితే?"

"ఒక రోజు. మహా అయితే రెండు. మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ పూటే పరిగెత్తాలి. అందుకే నడుము నొప్పని వచ్చిన ప్రతి మనిషినీ ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాం. మీవాడు మర్నాడే వచ్చాడు కదా, అయినా ఇంత పోవడం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు."

లింగమూర్తి తన గదిలోకి వచ్చి బకెట్ ముందు కూర్చున్నాడు. సోమవారం సాయంత్రం, మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మంగళవారం పొద్దున తన గదిలో, తలుపు వేసి ఉన్న గదిలో, పక్క గదిలో డాక్టరు ఉండగా, కావలసినంత టైము ఉంది. ఆ రోజు అతను ఒక చెయ్యి పట్టీని వంకరగా వేసి, మళ్లీ కోసి మళ్లీ వేశాడు.

మరుసటి బోర్డుకు సదయ్యను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. సూది లేదు, సుత్తి లేదు. ఐదు నిమిషాల్లో అన్‌ఫిట్ రాశారు. ఎండాకాలానికి అంజికి కాయిదం వచ్చింది, బాయిలో టబ్బుల పని. కాలనీ అంతా సంబరపడింది. గట్టయ్య సీసా పట్టుకుని లింగమూర్తి ఇంటికి వచ్చాడు. "ఏం పాఠం చెప్పినవన్నా! నేను ఒక్క కాలు సూపిచ్చిన, సదయ్య రెండు కాళ్లు సూపిచ్చిండు!" లింగమూర్తి లేచి ఆ సీసాను వాకిట్లో బండకేసి కొట్టాడు. గట్టయ్య బిత్తరపోయి వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ఎవరికీ పాఠం చెప్పలేదు. ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని వచ్చినవాళ్లను గడప దాటనివ్వలేదు. "సొంత చెల్లె ఇంటి పని కాంగనే కండ్లు నెత్తికెక్కినయ్," అని కాలనీవాళ్లు నోరారా తిట్టుకున్నారు. తిట్టనీ. నిజం తెలిస్తే ఇంకా ఏమనేవాళ్లో!

మూడు వారాలకోసారి, ఆదివారం పూట, అతను చెల్లెలి ఇంటికి పోయి సదయ్యకు ట్యూబు మార్చేవాడు. సారవ్వ వేడినీళ్లు పెట్టి ఇచ్చేది, "మా అన్న లేకుంటే ఈయన ఎన్నడో పోతుండె," అని వచ్చినవాళ్లకు చెప్పేది. ఒక మే నెలలో సదయ్య ఎండకు కాగిన బండ మీద తెలియక కూర్చున్నాడు. పిర్రలు బొబ్బలెక్కాయి. సాయంత్రం సారవ్వ చూసేదాకా అతనికి తెలియదు. ఆ పుండు మానలేదు. అన్నం మీద ఆశ పోయింది, మనిషి మంచానికి అంటుకుపోయాడు.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టారు. బాయిలు బందయ్యాయి. పొద్దున సైరన్ మోగదు, టబ్బుల చప్పుడు లేదు. అంజి రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, సారవ్వ రేషన్ దుకాణానికి పోయి ఉంది. లింగమూర్తి పాత ట్యూబు తీసి కొత్తది వేసి, సంచి మంచం కోడుకు కట్టాడు. కట్టినవాడు లేవలేదు. నాలుగేళ్లుగా దాచుకున్నది ఆ నిశ్శబ్దంలో బయటికి వచ్చింది.

"సదయ్యా, గా మంగళారం నువ్వు నాకు చెప్పినవు సూడు. గప్పుడే పక్క గదిల సారుకు చెప్పి ఉంటే నువ్వు గిట్ల కాకపోతుంటివి. నేనే చెప్పకుమన్న. నీ పానం తీసింది నేనే."

సదయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు. "నాకెర్కనే బావా," అన్నాడు.

లింగమూర్తి తలెత్తి అతని ముఖంలోకి చూశాడు.

"పట్నంల ఆపరేషన్ చేసిన డాక్టరు నన్నొక్కన్నే ఉంచి అడిగిండు, అసలు ఎన్ని దినాలైందని. లోపట సూసినంక ఆయనకు తెల్వదా? సోమారం సందని చెప్పిన. గప్పుడే ఎందుకు రాలేదని మస్తు కోపం చేసిండు."

"మరి నాకెందుకు చెప్పలే? నన్ను ఒక్క మాట గూడ ఎందుకనలే?"

"అంటే ఏమైతుండె? నువ్వు సిగ్గుతోని రాకపోతుంటివి. ఈ ట్యూబు ఎవ్వలు మారుస్తుండె?" సదయ్య చాలా మామూలుగా అన్నాడు, బియ్యం అయిపోయాయని చెప్పినట్టు. "సారవ్వకు చెప్పకు. దానికి ఉన్నది ఒక్క అన్నవు. నౌకరైతే అచ్చింది గద పోరనికి, ఇగ పోనీ."

లింగమూర్తి మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సదయ్య ఓదార్చలేదు, వద్దనీ అనలేదు. ఏడుపు తగ్గాక అన్నాడు.

"అంజిగాడు లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు పెట్టి లేస్తున్నడు బావా. నేను మొదట గట్లనే లేస్తుంటి. జర సూడు. సూసుడు గాదు, ఇను. ఆడు చెప్పిందంత ఇను."

మరుసటి ఏడాది సదయ్య పోయాడు. పుండు చీము పట్టి, ట్యూబు పుణ్యాన మూత్రపిండాలు చెడి, వారం రోజులు జ్వరంలో కాలిపోయి పోయాడు. తెలంగాణ రావడం చూడలేదు. కానీ అది తర్వాతి మాట, ఇక్కడ చెప్పవలసింది అతను ఇంకా మంచం మీద ఉండగా సమ్మె విడిచిన రోజు సంగతి. రేపటి నుంచి డ్యూటీలని మైకులో చెప్పుకుంటూ పోయారు. ఆ సాయంత్రం లింగమూర్తి చెల్లెలి ఇంటికి వచ్చేసరికి అంజి వాకిట్లో కూర్చుని బూట్లకు నూనె పూస్తున్నాడు. మామను చూసి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, లేచాడు.

"నడుము నొస్తున్నదా అంజీ?" అన్నాడు లింగమూర్తి. "కాలులకు దిగుతున్నదా? కూసునే కాడ ఎట్లున్నది? ఒంటికి మంచిగ వస్తున్నదా? ఏది అనిపిస్తే అది చెప్పు. అడిగిందీ అడగందీ, అంత చెప్పు."

అంజి నవ్వాడు. లోపల మంచం మీద పడుకున్న తండ్రి వైపు ఒకసారి, మామ వైపు ఒకసారి చూశాడు. అతను ఆ కాలనీలో పుట్టి, ఆ పాఠం వింటూ పెరిగినవాడు.

"నాకేమైంది మామా, మంచిగనే ఉన్న," అన్నాడు. బూట్లు తీసుకుని, ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూ, లోపలికి పోయాడు.